క్రియకు తోడైన మాట
(ఆంగ్లమున క్రియలు, క్రియావిశేషణములు: తల్లిదండ్రుల కొక పాఠము)



ప్రతి సంవత్సరము ఈ సంచికలో పాఠశాల నివేదికతోబాటు ఏదేని యొక విషయమును గూర్చి ప్రధానోపాధ్యాయుడు నాలుగు మాటలు వ్రాయుట మన సంఘమున ఆచారమై యున్నది. ఈ యేడు పిల్లలకు గాక మీకే యొక పాఠము చెప్పదలచితిని. పాఠము ఆంగ్లభాషకు సంబంధించినది. ఆంగ్లము రానివారు సైతము దీనిని చదువవలెనని నా కోరిక. ఏలయన, ఈ పాఠములో సగము మీకు ఇదివరకే తెలిసియున్నది. అది యెట్లో ముందు తెలియగలదు.

గడచిన విద్యాసంవత్సరమున అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన పిమ్మట ఒకనాటి సాయంకాలము ఒక తండ్రి తన కుమారుని ఆంగ్ల జవాబు పత్రమును చేతబట్టుకొని నా గదికి వచ్చెను. ఆయన మన షోలాపురములోనే పవర్‌లూము కార్ఖానాలో రాత్రి షిఫ్టు పనిచేయువాడు. కూర్చుండుమనినను కూర్చుండలేదు.

"సారూ, మా పిలగానికి ఇంగ్లీషు మాటలు ఎన్ని అడిగినా చెప్తడు. అర్థాలు సుత చెప్తడు. మరి మార్కులెందుకు పడ్తలేవు?" అని యడిగెను.

పత్రమును విప్పి చూచితిని. వానకాలపు దినమును గూర్చిన వ్యాసమది. అందు మూడు వాక్యముల క్రింద ఉపాధ్యాయుడు ఎర్రగీతలు గీసియుండెను. "ఇట్ రెయిన్డ్ స్ట్రాంగ్లీ" అనునది మొదటిది. వాన గట్టిగా కురిసెనని బాలుని భావము. "మై ఫాదర్ వర్క్స్ హార్డ్లీ" అనునది రెండవది. మా తండ్రి కష్టపడి పనిచేయునని భావము. "ఐ టైట్లీ బిలీవ్" అనునది మూడవది. నేను గట్టిగా నమ్ముచున్నానని భావము. అక్షరదోష మొక్కటియు లేదు. కాలదోషము లేదు. విడివిడిగా చూచినచో ప్రతి మాటయు నిఘంటువున కనబడునదే. అయినను మూడు వాక్యములును తప్పులే. రెండవ వాక్యమునకు ఆంగ్లమున వచ్చిన అర్థమేమో ఆ తండ్రికి ఆనాడు చెప్పుటకు నాకు నోరు రాలేదు.

ఆయన మరల నిట్లనెను: "మా కార్ఖానల ఒకాయన చెప్పిండు. ఇంట్ల తెలుగు మాట్లాడితె ఇంగ్లీషు రాదట. రేపటి సంది ఇంట్ల తెలుగు బందు జేస్త సారూ. ఎండకాలం అయినంక వీన్ని ఇంగ్లీషు బడిల ఏస్త."

ఈ మాట నేను వినుట ఇదే మొదటిమారు కాదు. మీలో పలువురి మనస్సులలోను ఇదే తలంపు ఉండవచ్చును. కాని ఆ బాలుని తప్పులకు కారణము తెలుగు కాదు. వాడు మాటలను ఒంటరిగా నేర్చుకొనుటయే కారణము. దీనిని నిరూపించుటకే ఈ పాఠము.

మాట ఒంటరిగా నుండదు

మన యిండ్లలో నేతపని తెలియనివారు అరుదు. పడుగు ఒక్కటియే యున్నచో అది దారముల వరుస మాత్రమే. పేక ఒక్కటియే యున్నచో అది కండెకు చుట్టిన నూలు మాత్రమే. రెండును కలసినపుడే వస్త్రమగును. అంతేకాదు, ఏ పడుగునకు ఏ పేక తగునో నేతగానికి తెలిసియుండవలెను. భాషలో క్రియ పడుగు వంటిది. ఆ పని యే విధముగా జరిగినదో తెలుపు క్రియావిశేషణము పేక వంటిది. ఏ క్రియకు ఏ విశేషణము తోడుగా వచ్చునో ఆ భాష మాటలాడువారి వాడుక నిర్ణయించును. అట్లు మాటకు మాట తోడుగా నిలుచుటను పదసాహచర్యమందుము. ఆంగ్లమున దీనిని కొలొకేషన్ అందురు.

ఇది తెలుగున లేని వింత కాదు. మన యింట ఐదేండ్ల బిడ్డ సైతము పకపక నవ్వెననును గాని గడగడ నవ్వెననదు. గడగడ వణకెననును గాని పకపక వణకెననదు. కన్నీరు జలజల రాలును. ఏరు గలగల పారును. నక్షత్రము తళతళ మెరయును. ఈ మాటలను తారుమారు చేసి చెప్పినచో బిడ్డయే నవ్వును. ఇందులకు వ్యాకరణ సూత్రమును ఎవ్వరును నేర్పలేదు. తల్లి నోట విన్నప్పుడు రెండు మాటలును కలసియే వినబడినవి. కావున కలసియే మనస్సున నిలిచినవి.

ఒకే విశేషణము రెండు క్రియలతో చేరి రెండు భావముల నిచ్చుటయు కలదు. చలికి గడగడ వణకుదుము. వచ్చిన పాఠమును గడగడ అప్పజెప్పుదుము. మొదటి దానిలో బాధ, రెండవ దానిలో నేర్పు. కాబట్టి గడగడ యను మాటకు అర్థమేమని యెవరైన నడిగినచో, "దేనితో చేరినప్పుడు?" అని మనము తిరిగి యడుగవలసి యుండును. ఆంగ్ల పదములను గూర్చియు ఇదే ప్రశ్న వేయవలెను.

"గట్టిగా" అను మాట

మన బాలుని మూడు తప్పులలో రెండింటికి మూలము "గట్టిగా" అను నొక్క తెలుగు మాట. దీనిని మనము ఎన్ని పనులకు వాడుదుమో, ప్రతి చోటను ఆంగ్లమున ఏమి వచ్చునో చూడుడు.

చేయి గట్టిగా పట్టుకో: హోల్డ్ టైట్లీ.
గట్టిగా మాట్లాడు: స్పీక్ లౌడ్లీ.
వాన గట్టిగా కురిసింది: రెయిన్ హెవిలీ.
గట్టిగా కొట్టాడు: హిట్ హార్డ్.
గట్టిగా నమ్ముతున్నాను: ఫర్మ్‌లీ బిలీవ్.
గట్టిగా వ్యతిరేకించారు: స్ట్రాంగ్లీ అపోజ్.

తెలుగున ఒక్క మాట. ఆంగ్లమున ఆరు మాటలు. టైట్లీ యనగా బిగువుగా అని. అది పట్టుకొనుటకు, ముడివేయుటకు, మూయుటకు తోడు. లౌడ్లీ యనగా పెద్ద గొంతుతో అని. అది మాటకు, అరపునకు తోడు. హెవిలీ యనగా బరువుగా అని. అది వానకు తోడు. ఫర్మ్‌లీ యనగా చలింపక అని. అది నమ్మకమునకు తోడు. మన బాలుడు "గట్టిగా" అను మాటకు టైట్లీ యని యొక్క అర్థమును కంఠస్థము చేసి, దానిని నమ్మకమునకు కట్టెను. మరియొక అర్థము స్ట్రాంగ్లీ యని నేర్చి, దానిని వానకు కట్టెను. వాని జ్ఞాపకశక్తి మంచిదే. కాని వానికి మాటలు దొరకినవి, వాని తోడు దొరకలేదు.

ఈ విషయమున మన పిల్లలకు ఒక గొప్ప అనుకూలము కలదు. మన వీధిలో మరాఠీ మాటలాడు పిల్లలతో వారు నిత్యము ఆడుకొందురు. అచ్చట గట్టిగా పట్టుకొమ్మనుటకు "ఘట్ట్ ధర్" అందురు. గట్టిగా మాటలాడుమనుటకు "మోఠ్యానే బోల్" అందురు. గట్టిగా వాన పడెననుటకు "జోరాత్ పావుస్ పడ్‌లా" అందురు. తెలుగున ఒక్క మాట యున్నచోట మరాఠీలో మూడు మాటలు వాడుచున్నారు. ఒక్కనాడైనను "ఘట్ట్ బోల్" అని మన పిల్లవాడు అనుట నేను వినలేదు. ఏలయన, వాడు మరాఠీని పట్టికనుండి నేర్చుకొనలేదు. వీధిలో జంటలు జంటలుగా విని నేర్చుకొనెను. ఇంట తెలుగు మాటలాడుట వాని మరాఠీకి అడ్డు రాలేదు. మరి ఆంగ్లమునకు మాత్రము ఏల అడ్డు వచ్చును?

"బాగా", "పూర్తిగా"

"బాగా" అనునది "గట్టిగా" కంటెను పెద్ద సంసారము గల మాట.

బాగా పని చేస్తాడు: వర్క్ హార్డ్.
బాగా నిద్రపోయాను: స్లీప్ వెల్, లేదా స్లీప్ సౌండ్లీ.
నాటకం బాగా ఆనందించాము: థరోలీ ఎంజాయ్.
చదువు బాగా మెరుగుపడింది: గ్రేట్లీ ఇంప్రూవ్.
ధరలు బాగా పెరిగాయి: రైజ్ షార్ప్లీ.
బాగా దెబ్బ తగిలింది: బ్యాడ్లీ హర్ట్.

చివరి దానిని గమనింపుడు. తెలుగున దెబ్బ "బాగా" తగులును. ఆంగ్లమున "చెడ్డగా" తగులును. మాటకు మాట పెట్టి అనువదించువాడు ఇచ్చట తప్పక పొరబడును.

"పూర్తిగా" అను మాటయు నిట్టిదే. పూర్తిగా మరచిపోతిననుటకు కంప్లీట్లీ ఫర్గెట్ అందురు. పూర్తిగా అర్థమైనదనుటకు ఫుల్లీ అండర్‌స్టాండ్ అందురు. కుటుంబము పూర్తిగా అతనిపై ఆధారపడియున్నదనుటకు డిపెండ్ ఎంటైర్లీ అందురు. అయితే ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. పదసాహచర్యము ఇనుపగొలుసు కాదు. పూర్తిగా ఏకీభవించుచున్నాననుటకు ఫుల్లీ, కంప్లీట్లీ, టోటల్లీ అను మూడును చెల్లును. కొన్ని క్రియలకు తోడు ఒక్కటియే. కొన్నింటికి ఇద్దరు ముగ్గురు. కావున పిల్లవాడు ఒక జంటను వ్రాసినప్పుడు, పుస్తకమున మరియొక జంట యున్నదను కారణముచే వెంటనే తప్పనరాదు. మంచి నిఘంటువును చూచి నిర్ణయింపవలెను.

ఆంగ్లపు మాటకు అనేక తెలుగు మాటలు

ఇంతవరకు తెలుగు నుండి ఆంగ్లమునకు పోయితిమి. తిరుగుదారిలో చూచినను ఇదే తీరు. హెవిలీ అను నొక్క మాటను తీసికొందము. రెయిన్ హెవిలీ యనగా కుండపోతగా కురియుట. డ్రింక్ హెవిలీ యనగా విపరీతముగా తాగుట. బ్రీద్ హెవిలీ యనగా ఆయాసముతో ఊపిరి పీల్చుట. రిలై హెవిలీ యనగా ఎక్కువగా ఆధారపడుట. నాలుగు చోట్లను "బరువుగా" అని తెలిగించినచో అది తెలుగే కాకపోవును.

అట్లే బిటర్లీ యనగా చేదుగా అని నిఘంటువు చెప్పును. కాని వీప్ బిటర్లీ యనగా వెక్కివెక్కి ఏడ్చుట. బిటర్లీ రిగ్రెట్ అనగా చేసిన పనికి కుమిలిపోవుట. చేదు అను మాట తెలుగున వినబడనే వినబడదు.

మరికొన్ని జంటలకు మన తెలుగున ఎంత చక్కని సాటి మాటలున్నవో చూడుడు.

ఫ్లాట్లీ రెఫ్యూజ్: ససేమిరా యనుట.
న్యారోలీ ఎస్కేప్: వెంట్రుకవాసిలో తప్పించుకొనుట.
వేగ్లీ రిమెంబర్: లీలగా జ్ఞాపకముండుట.
డిస్టింక్ట్లీ రిమెంబర్: స్పష్టముగా జ్ఞాపకముండుట.
ఫ్రీలీ అడ్మిట్: నిస్సంకోచముగా ఒప్పుకొనుట.
స్టేర్ బ్లాంక్లీ: తెల్లమొగము వేసి చూచుట.
లిసెన్ కేర్‌ఫుల్లీ: చెవియొగ్గి వినుట.
సీరియస్లీ కన్సిడర్: గట్టిగా ఆలోచించి చూచుట.

ఫ్లాట్లీ యనగా చదునుగా అని మాత్రమే తెలిసిన విద్యార్థికి "చదునుగా నిరాకరించుట" యేమిటో బోధపడదు. అదే "ససేమిరా యనుట" అని చెప్పినచో ఒక్క క్షణమున గ్రహించును, మరి మరువడు. ఇట్టి తెలుగు మాటలు ఎవరికి ఎక్కువగా తెలియును? నాకంటెను మీ యింటి పెద్దవారికి ఎక్కువగా తెలియును. పాఠములో సగము మీకు ముందే తెలిసియున్నదని మొదట వ్రాసినది ఇందువలననే.

హార్డ్, హార్డ్లీ

ఇక బాలుని రెండవ వాక్యమునకు వత్తము. ఆంగ్లమున అనేక పదములకు చివర "లీ" చేర్చినచో క్రియావిశేషణమగును. స్లో యనునది స్లోలీ యగును. క్వైట్ అనునది క్వైట్లీ యగును. ఈ సూత్రమును నమ్మి హార్డ్ అనుదానికిని "లీ" చేర్చుదురు. కాని హార్డ్ అను మాట ఉన్నదున్నట్లుగానే క్రియావిశేషణము. వర్క్ హార్డ్ అనగా కష్టపడి పనిచేయుట. హార్డ్లీ యనునది వేరు మాట. దానికి "దాదాపు లేనట్లే" అని యర్థము. హార్డ్లీ వర్క్ అనగా పని చేయుట అంతంతమాత్రమే యని భావము. రాత్రియంతయు మగ్గముల నడుమ నిలుచుండు తండ్రిని మెచ్చుకొనబోయి, ఆ బాలుడు తెలియకయే ఆయనను పనిదొంగగా వ్రాసెను.

లేట్, లేట్లీ యనునవియు నిట్టివే. కమ్ లేట్ అనగా ఆలస్యముగా వచ్చుట. లేట్లీ యనగా ఈ మధ్య కాలమున అని యర్థము.

ఈ తప్పును నేను తక్కువగా చూడలేను. ఏలయన నేనును చేసితిని. 1994వ సంవత్సరమున ఒక ఉపాధ్యాయ పదవికి దరఖాస్తు పంపితిని. అంతకు ముందు మూడేండ్లు ఒక చిన్న పాఠశాలలో రేయింబవళ్ళు శ్రమించి యుంటిని. ఆ సంగతి తెలుపుచు, మూడేండ్లుగా వర్క్డ్ హార్డ్లీ యని వ్రాసితిని. ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి ఆ వాక్యమును రెండుమారులు చదివి, నవ్వి, "అక్కడ చేయని పని ఇక్కడ ఏల చేయుదువు?" అనెను. తక్కినవారును నవ్విరి. వారేల నవ్విరో నాకు తెలియలేదు. ఆ ఉద్యోగము నాకు రాలేదు. ఇంటికి వచ్చి నిఘంటువును తెరచి చూచిన పిదప గాని విషయము బోధపడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుండి ఒక్క మాటను ఒంటరిగా నేర్చుకొనుట మానివేసితిని.

ముందా, వెనుకా?

తోడు దొరకినంత మాత్రమున చాలదు. దాని స్థానమును తెలిసికొనవలెను. తెలుగున క్రియ వాక్యాంతమున నుండును. విశేషణము దానికి ముందు వచ్చును. "వాడు ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతాడు" అందుము. ఆంగ్లమున క్రియ ముందుగా వచ్చి, కర్మ తరువాత వచ్చును. అచ్చట క్రియకును దాని కర్మకును నడుమ విశేషణమును సాధారణముగా చొప్పింపరాదు. "స్పీక్స్ ఫ్లూయెంట్లీ ఇంగ్లీష్" అనుట తప్పు. "స్పీక్స్ ఇంగ్లీష్ ఫ్లూయెంట్లీ" అనవలెను.

మరియొక గుర్తు. కంటికి కనబడు పనులకు తోడు సాధారణముగా వెనుక వచ్చును: రెయిన్ హెవిలీ, వర్క్ హార్డ్, వీప్ బిటర్లీ, స్పీక్ సాఫ్ట్లీ. మనోభావమును, అభిప్రాయమును తెలుపు క్రియలకు తోడు తరచుగా ముందు వచ్చును: ఫర్మ్‌లీ బిలీవ్, సిన్సియర్లీ హోప్, డీప్లీ రిగ్రెట్, స్ట్రాంగ్లీ రికమెండ్. కర్మణి ప్రయోగమున విశేషణము తరచుగా క్రియకు ముందే నిలుచును: బ్యాడ్లీ డ్యామేజ్డ్, సీరియస్లీ ఇంజ్యూర్డ్, సివియర్లీ పనిష్డ్. ఇది సూత్రము కాదు, గుర్తు మాత్రమే. జంటను విన్న వరుసలోనే నేర్చుకొన్నచో ఈ గుర్తుతోడను పని యుండదు.

ఈ కష్టము మన యొక్కరిదే కాదు

ఆంగ్లము మాతృభాష కానివారందరికి ఈ యిబ్బంది కలదు. హెరాల్డ్ పామర్ అను ఆంగ్ల విద్వాంసుడు 1922లో జపాను దేశమునకు పోయి, అచ్చటి విద్యార్థులకు ఆంగ్లము నేర్పు పద్ధతులను గూర్చి పరిశోధించెను. 1933లో ఆంగ్ల పదసాహచర్యములను గూర్చి ఒక నివేదిక ప్రకటించెను. ఆయనతో కలసి జపానులో పనిచేసిన ఎ. ఎస్. హార్న్‌బీ, తన మిత్రులతో కూడి విదేశ విద్యార్థుల కొరకు ఒక నిఘంటువును సిద్ధపరచెను. అది 1942లో టోక్యోలో వెలువడెను; 1948లో ఆక్స్‌ఫర్డువారు దానిని ప్రకటించిరి. మాటకు అర్థమిచ్చుటతో సరిపెట్టక, దానిని వాక్యమున ఎట్లు వాడవలెనో చూపుట ఆ నిఘంటువు విశేషము. 1919 నుండి 1928 వరకు లాహోరులో పంజాబు విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండిన జె. ఆర్. ఫర్త్, తరువాత 1950లలో, మాట యొక్క అర్థములో కొంత భాగము దాని సహచరముల నుండియే వచ్చునని సిద్ధాంతీకరించెను. కేవలము ఇట్టి జంటల కొరకే ఆక్స్‌ఫర్డువారు 2002లో ఒక ప్రత్యేక నిఘంటువును వెలువరించిరి.

ఈ చరిత్ర వలన మనకు తెలియునదేమి? జపాను బాలుడును మన బాలునివలెనే తడబడెను. వాని తడబాటునకు మందు జపాను భాషను మానిపించుట యని పామర్ గాని హార్న్‌బీ గాని చెప్పలేదు. మాటలను వాని తోడుతో గూడ నేర్పుడనియే చెప్పిరి.

ఇంట చేయదగిన పని

ఇపుడు మీరు చేయదగిన దానిని చెప్పెదను. దీనికి ఖర్చు ఒక్క నోటు పుస్తకము మాత్రమే.

మొదటిది: పుటను నిలువుగా రెండు భాగములు చేయవలెను. ఎడమవైపున తెలుగు వాక్యము, కుడివైపున ఆంగ్లపు జంట. తెలుగున ఒంటరి మాటను వ్రాయరాదు. "గట్టిగా" అని గాక "వాన గట్టిగా కురిసింది" అని వ్రాయవలెను.

రెండవది: వారమునకు ఐదు జంటలు చాలును. 30 వారములలో 150 జంటలగును. గైడు పుస్తకములలో నుండు పెద్ద పట్టికలను ఒకేమారు కంఠస్థము చేయించుట వలన ఫలము లేదు. అవి పరీక్షకు ముందు వచ్చి, పరీక్షతో పోవును.

మూడవది: ప్రతి జంటతోను పిల్లవాడు తన యింటిని గూర్చి ఒక వాక్యము వ్రాయవలెను. మగ్గమును గూర్చియో, బడికి వచ్చు దారిని గూర్చియో, నిన్నటి వానను గూర్చియో వ్రాసిన వాక్యము మనస్సున నిలుచును.

నాలుగవది: రాత్రివేళ మీరు కుడివైపు భాగమును మూసి, ఎడమవైపు వాక్యమును చదువుడు. మన తల్లులలో బీడీలు చుట్టువారు పెక్కుమంది. చేతులు పనిలో నుండగనే నోటితో అడుగవచ్చును. చదువురాని తల్లి యైనచో పిల్లవాడే తెలుగు వాక్యమును చదివి, ఆంగ్లమును చూడక చెప్పును. మీకు ఆంగ్లము రాకున్నను ఫరవాలేదు. వాడు రెండు మాటలను తడుముకొనక ఒక్క ఊపిరిలో చెప్పుచున్నాడా యని మాత్రము వినుడు. క్రియను చెప్పి ఆగినచో, "దానికి తోడేది?" అని యడుగుడు. ఈ ఆరు అక్షరముల ప్రశ్నయే పాఠమంతటికిని సారము. జంట సరియైనదా కాదా యని సోమవారమునాడు మా ఉపాధ్యాయులు చూచెదరు.

ఐదవది: నేడు చేతిఫోనులో నిఘంటువు లేని యిల్లు తక్కువ. కాని పిల్లలు అందు ఒక్క మాటను కొట్టి, మొదట కనబడిన అర్థమును తీసికొని వచ్చుచున్నారు. అర్థము క్రింద నుండు ఉదాహరణ వాక్యమును చదివి, ఆ వాక్యమున ఆ క్రియ ప్రక్కన ఎవరు నిలిచిరో చూచి వ్రాయుమని చెప్పుడు.

తెలుగును మానవలెనా?

ఇక ఆ తండ్రి ప్రశ్నకు నా సమాధానము. ఇంట తెలుగును మానినచో ఆ స్థానమున వచ్చునది ఆంగ్లము కాదు. మీకు ఆంగ్లము రాదు. రాని భాషలో మీరు బిడ్డతో మాటలాడజాలరు. అప్పుడు ఇంట మిగులునవి రెండు మూడు ఆజ్ఞలు, ఆపై మౌనము. నోటు పుస్తకమున ఎడమవైపు భాగము తెల్లకాగితమై పోవును. లీలగా జ్ఞాపకముండుట యననేమో, ససేమిరా యననేమో తెలియని బిడ్డకు వేగ్లీ రిమెంబర్, ఫ్లాట్లీ రెఫ్యూజ్ అను జంటలను దేనితో పోల్చి చెప్పుదుము? ఒక భాషలో మాటల తోడును బాగుగా ఎరిగినవాడు మరియొక భాషలోను తోడును వెదకును. ఏ భాషలోను ఎరుగనివానికి వెదకవలెనను తలంపే రాదు.

ఆంగ్లము అక్కరలేదని నేను చెప్పుట లేదు. మన పిల్లలకు అది మిక్కిలి అవసరము. దానిని సరిగా నేర్పుట మా బాధ్యత. ఇంతవరకు ఒంటరి మాటలను, అర్థముల పట్టికలను ఎక్కువగా కంఠస్థము చేయించిన తప్పు మా ఉపాధ్యాయులది కూడ. ఆ తప్పును నిస్సంకోచముగా ఒప్పుకొనుచున్నాను.

వారము దినముల తరువాత ఆ తండ్రిని పిలిపించి, ఈ విషయములన్నియు విడమరచి చెప్పితిని. ఆ రెండవ వాక్యమునకు అర్థమును గూడ చెప్పితిని. ఆయన క్షణకాలము ఊరకుండి, పిదప పెద్దగా నవ్వి, "నేను పని జేయకుంటె మగ్గం నడుస్తదా సారూ?" అనెను. ప్రక్కన నిలిచిన కుమారుడు తల వంచుకొనెను. తండ్రి వాని భుజముపై చేయివేసి, "మల్ల సరిగ్గ రాయి బిడ్డా" అనెను. బాలుడు నా బల్లమీది కాగితముపై "మై ఫాదర్ వర్క్స్ వెరీ హార్డ్" అని వ్రాసి, తెలుగున దాని యర్థమును తండ్రికి చదివి వినిపించెను.

ఆ బాలుడు ఈ యేడు మన పాఠశాలలోనే పదవ తరగతి చదువుచున్నాడు. నోటు పుస్తకము మూడవ వంతు నిండినది. ఇంకను తప్పులు చేయుచునే యున్నాడు. కాని ఇపుడు తప్పు చేసినపుడు, ఉపాధ్యాయుడు గీత గీయకమునుపే, "దీనికి తోడేది సార్?" అని తానే యడుగుచున్నాడు.

మీ యింటను ఈ ప్రశ్న వినబడవలెనని కోరుచు,

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ప్రధానోపాధ్యాయుడు